పెరుగు వడ్డించకముందే లేచే మాస్టారు

ముందే చెప్పేస్తాను, తర్వాత నన్ను అనొద్దు. నేను ఉన్నదున్నట్టు రాసే మనిషిని కాను. మా వీధిలో కుక్క మొరిగితే నా రాతలో అది పులై గాండ్రిస్తుంది. మా ఇంట్లో ఉప్మా అడుగంటితే, నేను దాని గురించి రాసేటప్పటికి ఫైరింజను వచ్చి మంటలార్పి వెళ్లిపోయి ఉంటుంది. రెండు చినుకులు పడితే చాలు, బ్యారేజీ గేట్లన్నీ ఎత్తించేస్తాను. పత్రికలవాళ్లు దీన్ని హాస్యమంటారు. మా బంధువులు కోతలంటారు. నాకు మాత్రం ఇది జబ్బో వృత్తో ఇప్పటికీ తేలలేదు. కాబట్టి కింద ఏది కనిపించినా సగానికి కోసుకుని చదువుకోండి.

పండుమిరపకాయల పచ్చడి పెట్టే రోజుల్లో మా ఆవిడ వరండాలో కూర్చుని తొడిమలు తీస్తోంది. ఉప్పు జాడీకి ఫోను ఆనించుకుని ఏదో ఇంగ్లీషు సీరియల్ చూస్తోంది, తెలుగు మాటలతో. విక్టోరియా రాణి కాలం నాటి నవల ఒకదాన్ని ఎవరో మళ్లీ తీశారు. ఇది ఎన్నోసారి తీయడమో తీసినవాళ్లకి కూడా తెలిసి ఉండదు. రాణి పోయింది, ఆవిడ రాజ్యం పోయింది, ఆ నవలలు మాత్రం పోవడం లేదు. మన తెలుగు సీరియళ్లలో వీలునామా కొంగున ముడేసుకుని తిరిగే పెద్దత్తగారూ, మేడ మీద తాళం వేసిన గదీ, చిన్నప్పుడు తప్పిపోయి పెళ్లి పీటల దగ్గర దొరికే వారసుడూ, ఈ సరుకంతా ఎక్కడిదనుకున్నారు? అక్కడ ఓడెక్కి ఇక్కడ దిగి పట్టుచీర కట్టుకుంది, అంతే. అమరావతి రోడ్ల మీద పెళ్లికి ముందు ఫొటోలు దిగే మన పిల్లలు మే నెల ఎండలో నేలమీద జీరాడే గౌన్లు తొడుక్కుని ఎవరిలా నిలబడుతున్నారు? ఆ నవలల్లో అమ్మాయిల్లాగానే. కాకపోతే వాళ్లు చలికి వణికేవాళ్లు. వీళ్లు చెమటకి కరిగిపోతున్నారు.

సరే, మా ఆవిడ ఉన్నట్టుండి తొడిమ తీయడం ఆపింది.

"ఏవండీ, ఈ పిల్ల చచ్చిపోయింది."

"ఏ పిల్ల?"

"మిల్లు పిల్ల. దగ్గుతూ ఉండేదే, ఆ పిల్ల. మన పెళ్లైన కొత్తలో మీరు చెప్పిన కథే ఇది. సముద్రం ఒడ్డుకి తీసుకెళ్తే ఆ గాలికి తేరుకుందన్నారు. మిల్లు యజమాని కొడుకుని చేసుకుందన్నారు."

"అన్నాను."

"మరి చచ్చిపోయిందేం?"

ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. అది మిరపకాయల వల్లో, ఆ పిల్ల వల్లో, నా వల్లో చెప్పలేను.

"ఇన్నేళ్లు అబద్ధం చెప్పారన్నమాట. ఇంకా ఏమేం చెప్పారో ఎవరు చూడొచ్చారు" అని ఫోను బోర్లించి, మిగిలిన మిరపకాయల తొడిమల్ని నా మెడలాగా ఊహించుకుని విరిచింది.

ఆ కథ నాకు అట్లా చెప్పింది మా ఇంగ్లీషు మాస్టారు. పేరు రాయను. రాస్తే ఆయన శిష్యులు లక్షమంది ఫోన్లు చేస్తారు.

చిలకలూరిపేట వైపు ఒక కాలేజీలో ఆయన మాకు డిగ్రీలో నవల చెప్పేవారు. ఆ ప్రాంతంలో మార్చి వచ్చిందంటే కాకులు కూడా గొడుగులడుగుతాయి. ఆ ఎండలో మాస్టారు టై కట్టుకుని వచ్చేవారు. ఆ టై ఆయన పుట్టినప్పుడే మెడలో ఉందనీ, మంత్రసాని భయపడి బొడ్డు కోయబోయి టై కోయబోయిందనీ మాలో గట్టి నమ్మకం. ఆయన నవల మూడు సంపుటాలు కలిపి కుట్టిన పుస్తకం. దాన్ని కాలేజీకి తేవడానికి రిక్షా మాట్లాడుకునేవారు. రిక్షాలో పుస్తకం కూర్చునేది, మాస్టారు పక్కన నడిచేవారు.

ఇంగ్లీషు చదివి తెలుగు చెప్పడం ఆయన పద్ధతి కాదు. ఆ దేశాన్నే ఎత్తుకొచ్చి మా చేలల్లో దించేసేవారు. దొర అంటే కరణం గారు, కాకపోతే విగ్గు పెట్టుకుంటాడు. దొరసాని అంటే కరణం గారి భార్య, కాకపోతే మొగుడితో మాట్లాడుతుంది. ఒకరోజు వెనక బెంచీ సుబ్బారావు లేచి, "లండన్‌లో పొగమంచు అంటున్నారు, అదెట్టా ఉంటుంది సార్?" అన్నాడు. మాస్టారు మర్నాడు ఎండుమిర్చి గోతం ఒకటి మోయించుకొచ్చి, తలుపులు వేయించి, బల్ల మీద పెట్టి కర్రతో బాదించారు. గదంతా ఎర్రగా అలుముకుంది. దగ్గులు, తుమ్ములు, కన్నీళ్లు. ప్రిన్సిపాలు గారు అగ్నిప్రమాదమనుకుని గంట కొట్టించారు.

"ఇదిగో, ఇదే లండన్" అన్నారు మాస్టారు ముక్కుకి టై అడ్డం పెట్టుకుని. "ఇందులో చిన్న దీపం పట్టుకుని ఒక పిల్ల మిల్లుకి పోతోంది. చూడండి."

తుమ్ముతూనే చూశాం. నిజంగానే కనిపించింది.

ఆ పిల్ల కథే నవల. తల్లీ తండ్రీ లేరు. పత్తి మిల్లులో పని. చదువు నేర్చుకుని యజమాని పిల్లలకి పాఠాలు చెప్పే దశకి ఎదిగింది, మిల్లులో పట్టుకున్న దగ్గు మాత్రం ఆమెను వదల్లేదు.

"ఈ మిల్లులోకి దూది ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?" అన్నారొకసారి.

మాకు తెలియదు.

"కొంత అమెరికాది. కొంత మన నల్లరేగడిది. ఆ పిల్ల దగ్గుతోందే, ఆ దగ్గులో మీ తాతలు పండించిన పత్తి ఉంది."

"మా తాత పొగాకేశాడు సార్" అన్నాడు సుబ్బారావు.

"అయితే నువ్వు తప్పించుకున్నావు, కూర్చో. దొరగారు చుట్ట ముట్టించినప్పుడు నీ సంగతి చూద్దాం."

గంట కొట్టేసరికి కథని సరిగ్గా గోడ అంచున నిలబెట్టి, "మిగతాది రేపు" అని పుస్తకం మూసేవారు. ఆ రెండు మాటల కోసం మేం సినిమాలు మానుకున్నాం. జ్వరాలొస్తే దుప్పట్లు కప్పుకుని వచ్చాం.

మా క్లాసులో ముందు బెంచీలో నాగరత్నం కూర్చునేది. వాళ్లమ్మ జిన్నింగు మిల్లులో కూలీ. ఆ అమ్మాయి పొద్దున్నే తల్లికి అన్నం క్యారేజీ ఇచ్చి అటునుంచటే కాలేజీకి వచ్చేది. జడలో దూదిపింజలుండేవి. వాళ్లమ్మకి దగ్గని మా అందరికీ తెలుసు. రోడ్డు మీద ఆవిడ వస్తుంటే మనిషికంటే ముందు దగ్గు వచ్చేది. ఇందులో కోసుకోవడానికి ఏమీ లేదు.

నవల చివరికి వచ్చిన రోజు మాస్టారు నిలబడి చదువుతున్నారు. మిల్లు పిల్ల మంచం పట్టింది. డాక్టరు వచ్చాడు. మాస్టారు పేజీ తిప్పబోతూ తలెత్తారు. నాగరత్నం బెంచీ అంచుకి జరిగి కూర్చుని ఉంది.

"తగ్గిందా సార్?"

మాస్టారు పుస్తకంలోకి చూశారు. ఆ అమ్మాయి జడవైపు చూశారు. పుస్తకం మూసేశారు.

"తగ్గిందమ్మా."

ఆ తర్వాత ఆయన చెప్పిందేదీ ఆ పుస్తకంలో లేదు. డాక్టరు ఈ గాలి పనికిరాదన్నాడట. సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లమన్నాడట. ఉప్పుగాలికి రొమ్ము తేలికపడి, ఆ పిల్ల నాలుగు వారాల్లో లేచి తిరిగిందట. యజమాని కొడుకు గుర్రబ్బండి కట్టించుకుని వచ్చాడట.

"ఏ సముద్రం సార్?" అంది నాగరత్నం.

"ఉందమ్మా, మన ఓడరేవు ఊరి సముద్రం లాంటిదే."

మేం చప్పట్లు కొట్టాం. సుబ్బారావైతే ఈల వేశాడు.

మరుసటి వారం నుంచి నాగరత్నం రాలేదు. ఎందుకు రావడం లేదో ఎవరూ పట్టించుకోలేదు. మాస్టారు కూడా ఇంకో పాఠంలో పడ్డారు. పరీక్షలు దగ్గరపడ్డాక ఒకరోజు హాజరు వేస్తూ ఆమె పేరు దగ్గర ఆగారు.

సుబ్బారావు లేచాడు. "వాళ్లమ్మ పోయింది సార్. ఆ పిల్ల ఆమెని ఓడరేవు తీసుకెళ్లిందంట. సముద్రపు గాలికి తగ్గుద్దని. మన నవల్లో తగ్గిందిగా సార్."

వాడు మంచిగానే చెప్పాడు. ఎత్తిపొడుపేమీ లేదు. మాస్టారు చేతిలో సుద్దముక్కని బల్ల మీద మెల్లగా పెట్టారు, అది దొర్లి కింద పడిపోయింది. ఆయన దాన్ని తీసుకోలేదు. మిగతా పేర్లు పిలవలేదు.

ఆ తర్వాత ఆ నవల క్లాసులోకి రాలేదు. అసలు చివర ఏమిటో మాకు చెప్పేవాళ్లు లేకపోయారు. పరీక్షలో మేమంతా ఆ పిల్లని ఓడరేవులో బతికించేశాం. కొందరు చేపల పులుసు కూడా పెట్టించారు. సుబ్బారావు పెళ్లి పెదకాకాని గుళ్లో చేయించి అక్షింతలు కూడా వేశాడు. పేపర్లు దిద్దినాయన, కట్ట మొత్తంలో ఒక్కరూ చంపలేదేమిటని అనుమానమొచ్చి, తాను చదివిందే తప్పేమోనని ఆ నవల మళ్లీ కొనుక్కున్నాడని చెప్పుకునేవారు. సున్నాలు మాత్రం తప్పలేదు. నేను లైబ్రరీకి వెళ్లి ఆఖరి పేజీలు చదివింది అప్పుడే. మిల్లు పిల్ల చచ్చిపోతుంది, కిటికీ అవతల పొగమంచులో మిల్లు కూత వేస్తూ ఉండగా.

అప్పట్నుంచి మాస్టారు దేన్నీ చివరిదాకా చూడలేదు.

నేను ఉద్యోగంలో చేరాక ఆయనతో కలిసి నరసరావుపేటలో సినిమాకి వెళ్లాను. హీరో విలన్‌ని పట్టుకోవడానికి చెయ్యి చాపాడు. మాస్టారు లేచి, "మిగతాది మీరు కానివ్వండి" అని చెప్పులు వేసుకున్నారు. హీరోకి చెప్పారో నాకు చెప్పారో తెలియదు. పెళ్లిళ్లకి వచ్చేవారు, బాజాలవాళ్లు మంగళసూత్రం వేళ కోసం ఊపిరి బిగించేసరికి ఈయన గేటు దగ్గర ఉండేవారు. క్రికెట్టులో ఆఖరి ఓవరు మొదలైతే రేడియో గొంతు నొక్కేసేవారు. ఆయన ఇంట్లో ఏ క్యాలెండరుకీ డిసెంబరు ఉండేది కాదని పుకారు పుట్టించింది నేనే.

అన్నింటికంటే ఘోరం భోజనం. పప్పు, కూర, పచ్చడి, పులుసు అన్నీ శ్రద్ధగా తినేవారు. పెరుగు గిన్నె వంటింటి గుమ్మం దాటగానే విస్తరి మడిచేవారు. "మిగతాది మీరు కానివ్వండి." గుంటూరు జిల్లాలో పెరుగన్నం తినకుండా లేవడమంటే వడ్డించినావిడ మొహం మీద కొట్టినట్టే. ఆయన వల్ల ఇల్లాళ్లు ఎంతమంది అలిగారో, ఎన్ని గేదెలు మనసు విరిగి పాలివ్వడం మానుకున్నాయో నేను పెళ్లి విడిదుల్లో వర్ణించి చెబుతుంటే జనం పొట్టలు పట్టుకునేవారు. మాస్టారి పెరుగు కథ చెప్పమని పిలిచి మరీ అడిగేవాళ్లు. నా పేరు చుట్టాల్లో పాకింది ముందు ఆ కథతోనే.

నేను కనబడ్డప్పుడల్లా ఆయన ఒకటే అడిగేవారు.

"ఏమయ్యా, నాగరత్నం ఎక్కడుందో తెలిసిందా?"

"లేదు మాస్టారూ. మంగళగిరి వైపు మగ్గాల పనికి పోయారని విన్నాను."

"నువ్వు పత్రికల్లో రాస్తావు, నలుగురూ తెలిసినవాడివి. కాస్త కనుక్కో. వాళ్లమ్మని ఆ రోజుల్లో గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లుంటే బతికేదేమో. నేను సముద్రమన్నాను. ఆ పిల్ల నన్నేమనుకుంటోందో ఒక్కసారి తెలిస్తే చాలు. తిట్టినా సరే. ఆ తిట్టేదో వినాలి."

"తప్పకుండా చూస్తాను మాస్టారూ."

మంగళగిరి ఏమన్నా కాశ్మీరమా. మా ఇంటి నుంచి ఆటోలో పోతే పల్లీల పొట్లం అయిపోయేలోపు వస్తుంది. నేను వెళ్లలేదు. కారణమేమీ లేదు. కారణముంటే ఇక్కడ రాసి ఉబ్బించి మిమ్మల్ని నవ్వించేవాణ్ణి.

ఆ సీరియల్‌లో పిల్ల చచ్చిపోయినందుకు మా ఆవిడ నాతో వారం మాట్లాడలేదు. ఎనిమిదో రోజున మాట్లాడింది, ఆ చచ్చిపోయిన పిల్ల వేసుకున్నదానిలాంటి బుట్టచేతుల జాకెట్టు తనకి కావాలని. వాళ్ల అన్నయ్య కూతురి పెళ్లి ఉంది. అట్లాంటివి కుట్టడంలో మంగళగిరిలో ఒకావిడ దిట్టట. వెళ్లాం. కొట్టు గోడనిండా ఇంగ్లీషు గౌన్ల బొమ్మలు. వాటి మధ్య కళ్లద్దాలావిడ టేపు మెడలో వేసుకుని నిలబడి ఉంది.

"చేతులు ఎంత ఉబ్బాలమ్మా? బస్సులో కూర్చుంటే పక్కనావిడకి చోటుండాలా, అక్కర్లేదా?"

"చోటుండక్కర్లేదు" అంది మా ఆవిడ.

కొలతలు తీసుకుంటూ ఆవిడ నావైపు ఒకటికి రెండుసార్లు చూసింది. "మీరు పేట కాలేజీలో చదివారు కదండీ. మూడో బెంచీ. మిరపగోతం కొట్టినరోజు మీరు కిటికీలోంచి దూకారు."

నాగరత్నం.

ఆదివారం మాస్టారిని కారులో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను. దారిపొడుగునా ఆయన టై సర్దుకుంటూనే ఉన్నారు. కొట్లో కుట్టుమిషన్ పక్క స్టూలు మీద కూర్చున్నారు, ఎదురుగా తలలేని బొమ్మకి తొడిగిన గౌను.

"నేను చెప్పబట్టే కదమ్మా మీ అమ్మని..." అని ఆగిపోయారు.

నాగరత్నం కత్తెర పక్కన పెట్టింది. "అయ్యో మాస్టారూ, ఆసుపత్రికి అంతకుముందే తీసుకెళ్లాం. మీరు నవల మొదలెట్టక ముందు సంగతి. ఇంక లాభం లేదు, ఇంటికి తీసుకుపోండన్నారు."

"మరి సముద్రం?"

"మీరు చెప్పిన కథ నేను ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను. అమ్మ నవ్వింది. ఇంగ్లీషోళ్ల పిల్లకి తగ్గితే నాకూ తగ్గుద్దా ఏందే, మీ మాస్టారు నీకోసం చెప్పుంటాడులే అంది. కానీ ఆ సముద్రమేదో ఒకసారి చూడాలనుందే అంది. పుట్టినకాడ్నించి మిల్లూ చేనూ తప్ప ఏం చూసింది? ఊరికే సముద్రం చూస్తానంటే మా నాన్న పంపిస్తాడా? అందుకని మందని చెప్పాం. ఏ డాక్టరు చెప్పాడన్నాడు. ఇంగ్లీషు నవల్లో ఉంది నాన్నా అన్నాను. ఇంగ్లీషులోనే ఉందా, అయితే నిజమే అయ్యుంటుంది, పదండి అన్నాడు."

మాస్టారు ఆమె మొహం వైపే చూస్తున్నారు.

"ఓడరేవులో మా పిన్నమ్మోళ్లింట్లో ఉన్నాం. రోజూ ఇసుకలో కూర్చోబెట్టేదాన్ని, కాళ్ల మీదికి నీళ్లొచ్చేట్టు. ఇన్ని నీళ్లు పెట్టుకుని మన మిరపచేనుకి ఒక్క తడి ఇవ్వదేందే ఈ సముద్రం అనేది. దగ్గుతూనే నవ్వేది. మా అమ్మ అంత నవ్వడం నేను అంతకుముందు చూళ్లేదు మాస్టారూ. ఆ చివర మీరు అట్టా చెప్పకపోతే మాకు ఆ రోజుల్లేవు."

కాఫీ తెప్పించింది. మాస్టారు గ్లాసు అడుగున చక్కెర కనిపించేదాకా తాగారు. మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. మా ఆవిడ పెరుగు గిన్నె పట్టుకుని గుమ్మంలో సందేహంగా నిలబడింది. మాస్టారు విస్తరి దగ్గరికి లాక్కుని, "వెయ్యమ్మా" అన్నారు.

నేను కల్పించింది ఇదీ. ఆదివారం, కారు, స్టూలు, కాఫీ, పెరుగు. రిక్షాలో పుస్తకమూ, మనసు విరిగిన గేదెలూ నా జబ్బు. వాటిని కల్పన అనను. మాస్టారు మేం ఆ కొట్టుకి వెళ్లకముందే, మిరప కోతలు మొదలైనప్పుడే పోయారు. ఆఖరిసారి ఫోనులో అడిగినప్పుడు కూడా "ఈ నెలాఖరుకి చూస్తాను మాస్టారూ" అన్నాను. పెద్దకర్మకి వెళ్లాను. భోజనాల పంక్తిలో ఎవరో అడిగితే పెరుగు కథ చెప్పాను. అందరూ బాగా నవ్వారు.

నాగరత్నం మాటల్లో మాత్రం నేను ఒక్క పింజ కూడా కలపలేదు. ఆమె "ఆయన" అన్నచోటల్లా "మీరు" అనీ, "అండీ" అన్నచోట "మాస్టారూ" అనీ మార్చానంతే. అవి ఆమె నాకు చెప్పింది, జాకెట్టుకి కొలతలిచ్చిన రోజునే, మా ఆవిడ పక్కనుండగా. చెప్పడం అయ్యాక, "మాస్టారు ఎట్టా ఉన్నారండీ?" అంది.

"బాగున్నారు" అన్నాను.

"ఒక్కసారి తీసుకురండి. ఈ సంగతి ఆయనకి చెప్పాలని ఎన్నాళ్లనుంచో ఉంది."

"తీసుకొస్తాను" అన్నాను.

మా ఆవిడ నావైపు చూసింది.

జాకెట్టు అయిపోయిందని ఫోనొచ్చింది. మళ్లీ వచ్చింది. నన్ను వెళ్లమని మా ఆవిడ అనలేదు, తనూ వెళ్లలేదు. పెళ్లికి పాత జాకెట్టే వేసుకుంది.